ఆరొందలతో బండి లాగితే

పోయిన శ్రావణంలో నా తిండి ఇదీ: పొద్దున గ్లాసుడు రాగిజావ, మధ్యాహ్నం కప్పు అన్నంలో చారు, రాత్రి నూనె తగలని రెండు పుల్కాలు. మధ్యలో రెండు టీలు. బరువు 71 కిలోలు, మాఘంలో మేనకోడలి పెళ్లి, పట్టుచీరల జాకెట్లన్నీ బిగుతు. మూడు వారాల్లో నాలుగు కిలోలు తగ్గేసరికి ఆఫీసులో అందరూ నన్నే సలహాలడగడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత ముల్లు నత్తనడక పట్టింది. మెట్లెక్కితే కళ్లు తిరిగేవి, ఫ్యాను కింద చలేసేది. వారమంతా బిగబట్టి, ఆదివారం ఆగలేక పులిహోర గిన్నె ఖాళీ చేసేదాన్ని. రాత్రి పదకొండింటికి గుత్తొంకాయ కూర వీడియోలు! వంటంటే విసుక్కునే నేను!

ఆ వీడియోల గుట్టు తర్వాత తెలిసింది. యుద్ధంలో తిండిలేక చిక్కిపోయినవాళ్లు తేరుకోవాలంటే ఏం పెట్టాలో తేల్చడానికి, 1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల్ని ఆర్నెల్లు అర్ధాకలితో ఉంచాడు. రోజుకు దాదాపు 1,570 కేలరీలు. వాళ్లూ చలికి ముడుచుకున్నారు, ఊరికే చిరాకుపడ్డారు, వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. కదలకుండా ఉన్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి 40 శాతం దాకా పడిపోయింది. జీతం సగమైతే ఇంట్లో ఖర్చులు బిగించమా? ఒళ్లూ అంతే. పైగా కొవ్వుతో పాటు కండనూ అమ్ముకు తింటుంది.

దీపావళికి దువ్వెన నిండా జుట్టు. అప్పుడు వెళ్లాను డైటీషియన్ దగ్గరికి. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుని కూడితే రోజుకు 600 కూడా దాటలేదు. కూర్చుని పనిచేసే 55 కిలోల ఆడమనిషికి రోజుకు 1,660 కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్కకట్టింది. నా బరువుకు ఇంకాస్త ఎక్కువే. "దాంట్లో మూడు నాలుగు వందలు తగ్గించుకోండి చాలు, వెయ్యి ఎందుకమ్మా తగ్గించడం?" అందావిడ.

అలా 1,400 దగ్గర కుదిరింది. పొద్దున రెండిడ్లీలు, ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం అన్నం కప్పున్నరే, పప్పు మాత్రం గట్టిగా, కూర రెండింతలు, పెరుగు. నాలుగింటికి గుప్పెడు ఉడికించిన శనగలు. రాత్రి జొన్నరొట్టెలు. కోత పడింది నూనె మీద. గ్రాము పిండిపదార్థానికి 4 కేలరీలైతే గ్రాము నూనెకు 9. మా తాలింపు గరిటె కొలిచి చూస్తే నాలుగు చెంచాలు పట్టింది! నూనె సీసా పక్కన ఇప్పుడు ఓ టీస్పూను పెట్టుకున్నాను.

మొదట కిలో పెరిగాను, భయపడ్డాను. తర్వాత నెలకు కిలో చొప్పున దిగింది. పెళ్లికి జాకెట్ల కుట్లు విప్పించుకునే వెళ్లాను, భోజనం మాత్రం మానలేదు. ఇప్పుడు 63.

షుగరు మందులు వాడేవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టరుకు చెప్పండి. మందు పాత మోతాదులోనే ఉండి తిండి తగ్గితే షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు.