నూటొక్క కుర్చీల బల్ల... మన చేని మిరప

హైదరాబాదులో చార్మినారుకు ఐదు కిలోమీటర్ల దూరాన, గుట్టమీద ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది. అందులో నూరడుగులు దాటిన పొడవైన భోజనపు బల్ల. చుట్టూ నూటొక్క కుర్చీలు. ఈ చివర గొంతు తగ్గించి మాట్లాడినా ఆ చివరన వినిపించేలా గదిని కట్టారని చెబుతారు. పల్లెల్లో పెళ్లి బంతికి నూరుమంది కూర్చోవడం వింతేమీ కాదు. అక్కడ మాత్రం ఒక్క మనిషి భోజనం ఖరీదే వేలల్లో ఉంటుంది.

ఈ భవనానికి 1884లో పునాది వేసింది పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు బావ, తర్వాత సంస్థానానికి ప్రధాని కూడా అయ్యారు. అంతటివారికీ కట్టడం ఖర్చు తలకు మించింది. అప్పుల్లో పడగా, చివరకు నిజామే దాన్ని తీసుకున్నారు. మానుకోటకు మహబూబాబాద్ అన్న పేరు ఆ నిజాం పేరు మీదుగా వచ్చిందేనని పెద్దలంటారు.

ఐదో జార్జి, రాణి మేరీ వంటివారు అక్కడ అతిథులుగా ఉన్నారు. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేశారు. ఆ పైన భవనం చాలాకాలం తాళాలు వేసి ఉంది. పదేళ్లపాటు మరమ్మతులు జరిగాక 2010లో తాజ్ వారి హోటలుగా తెరిచారు. 2017 నవంబరు 28న ప్రధాని మోదీ, అమెరికా అధ్యక్షుడి కుమార్తె ఇవాంకా ట్రంప్ ఆ నూటొక్క కుర్చీల బల్ల దగ్గరే భోంచేశారు. సదస్సుకు వచ్చిన మిగతా ప్రతినిధులకు బయట పచ్చికలో వడ్డించారు. విందుల్లో పై బంతి, కింది బంతి అన్న తేడా ఎక్కడికీ పోలేదు.

నవాబుల విందు ముగిశాక తాంబూలం తప్పదు. నిజాం కాలంలో ఆ పాన్‌దాన్‌లు, అత్తరు బుడ్లు, వేలాడే దీపాలు చేసిన పనివాళ్లలో జనగామ దగ్గరి పెంబర్తి విశ్వకర్మలూ ఉన్నారు. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, ఉలితో, సుత్తితో నగిషీ తీసే పని అది. కాకతీయుల నాటి నుంచి చేతులు మారుతూ వచ్చింది. నవాబుల కొలువులు పోయాక బేరం తగ్గింది. ఇప్పుడు గోడ పలకలు, జ్ఞాపికలు, ఆలయాల తొడుగులు చేసి నెట్టుకొస్తున్నారు. పెంబర్తి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా పాన్‌దాన్ మీద చేసినవాడి పేరు ఏనాడూ లేదు.

ఇదే జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖు ఏలుబడిలో జనం వెట్టి చేశారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండ్లకు బలయ్యారు. పాలకుర్తిలో ఐలమ్మ తన పంట గింజల కోసం నిలబడి పోరాడింది. ఎవరి పంట ఎవరి ఇంటికి చేరుతుందన్నదే అప్పటి తగాదా.

ఇప్పటి మాట మిరపతో వచ్చింది. చపాటా రకానికి 2025లో వరంగల్ చపాటా పేరుతో భౌగోళిక గుర్తింపు దక్కింది. పొట్టిగా, లావుగా ఉండే ఈ కాయను టమాటా మిర్చి అని కూడా పిలుస్తారు. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. కంట నీరు రాకుండా కూరకు రంగు రావాలనుకునే పెద్ద హోటళ్ల వంటవారికి, రంగు తీసే కంపెనీలకు కావలసింది ఇలాంటి కాయే. భూపాలపల్లి ప్రాంతంలోనూ దీన్ని వేస్తారు. దరఖాస్తు పెట్టింది తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ. వెన్నుదన్నుగా నిలిచింది ఉద్యాన విశ్వవిద్యాలయం, మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని పరిశోధన కేంద్రం. ఈ గుర్తింపు జిల్లాకు గర్వకారణమే. అయితే గర్వం వేరు, గిట్టుబాటు వేరు.

2021-22లో నల్ల తామర పురుగు మిరప చేలను ఊడ్చేసింది. మహబూబాబాద్, భూపాలపల్లి రైతులు పూతతో సహా మొక్కలు పీకేసుకున్నారు. సరుకు లేకపోవడంతో 2022లో ఎనుమాముల మార్కెట్లో దేశీ రకం క్వింటాలు 50 వేలు దాటింది. ధర పలికిన రోజున చాలామంది కల్లాల్లో కాయ లేదు. 2025 సీజనులో కాయ వచ్చింది, ధర కూలింది. ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం కేంద్రం ఆ ఫిబ్రవరిలో క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఏరిన కూలీలకు, మందులకు పోగా మిగిలేదెంతో లెక్క రైతులకే తెలుసు. చపాటాకు దిగుబడి తక్కువ కాబట్టి పేరుకు తగ్గ ధర రాకపోతే రైతు తేజ వైపే మళ్లుతాడు.

గుర్తింపు వచ్చినంత మాత్రాన ప్రతి రైతూ ఆ పేరుతో అమ్ముకోలేడన్నది చాలామందికి తెలియదు. 1999 నాటి చట్టం ప్రకారం చెన్నైలోని రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా ఎవరికి వారు నమోదు కావాలి. రుసుము నామమాత్రమే. నమోదైతే సంచి మీద ముద్ర వేసుకోవచ్చు. పేరు వాడుకుని వేరే ప్రాంతం కాయ అమ్మేవారిపై ఫిర్యాదు చేయవచ్చు. నమోదు పదేళ్లపాటు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించుకోవాలి. ఒంటరిగా తిరగలేనివారికి రైతుల కంపెనీ, ఉద్యాన శాఖ కార్యాలయం దారి చూపాలి.

జనవరిలో తొలి కోత సంచులు ఎనుమాములకు బయలుదేరతాయి. ఏ సంచి మీద ఊరి పేరు ఉంటుందో, ఏది పేరు లేకుండానే కమీషన్ దుకాణంలో కలిసిపోతుందో ఆ లోపే తేలాలి.