జూపార్కులో వరద: వస్తువు, ప్రతీక, వాస్తవం

వాన వెలిసిన మర్నాటి నుంచే మనకు వరద కవితలు మొదలవుతాయి. 2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1న కురిసిన వాన కోదాడను ముంచింది. వీధుల్లో నిలిపిన కార్లు కొట్టుకుపోయాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండిపడి పొలాలు ఇసుకమేట వేశాయి. ఆ తర్వాత కొన్ని నెలల పాటు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సాహిత్య సమావేశాల్లో నేను విన్న కవితల్లో సగానికి పైగా వరద మీదివే. వాటిలో పది కవితలు తీసుకుంటే ఎనిమిదింటిలో నేరస్థురాలు ప్రకృతి. ప్రకృతి కన్నెర్ర చేసింది, ప్రకృతి పగబట్టింది, ప్రకృతి విలయతాండవం చేసింది. కాలువ కట్టకు మరమ్మతు ఎప్పుడు జరిగింది, చెరువు అలుగు ముందు ఇళ్ళస్థలాలు ఎవరు అమ్మారు అన్న ప్రశ్న వేసిన కవితలు ఒకటో రెండో.

ఆ కవితల్లో ఒక డిగ్రీ విద్యార్థి రాసినది వేరుగా ఉంది. జూపార్కు బోనులో మెడలోతు నీళ్ళలో నిలబడి గర్జిస్తున్న సింహం. ఆ సింహం పీడిత ప్రజ. చప్పట్లు బాగానే పడ్డాయి. నేను ఆ అబ్బాయిని రెండు ప్రశ్నలు అడిగాను: అది ఏ జూ? నీళ్ళు ఎటు నుంచి వచ్చాయి? "అది ప్రతీక కదా సార్" అన్నాడు. ప్రతీక కావచ్చు. కాని ప్రతీకగా నిలబడటానికి కూడా ఒక వస్తువుకు కాళ్ళ కింద నేల ఉండాలి. ఆ నేల ఎక్కడుందో చెప్పడమే ఈ వ్యాసం పని. ఎందుకంటే ఆ అబ్బాయికి తెలియకుండానే అతను పట్టుకున్నది గొప్ప వస్తువు. మన రాష్ట్రంలో నిజంగా జరిగిన వస్తువు.

2020 అక్టోబర్ 13న హైదరాబాదులో కుండపోత పడింది. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు. ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్లు. మైలార్‌దేవ్‌పల్లి దగ్గర పల్లె చెరువు తెగి ఒకే కుటుంబంలో అనేకులు కొట్టుకుపోయారు. ఆ వానల్లోనే మీర్ ఆలం చెరువు పొంగి, దానికి ఆనుకుని ఉన్న నెహ్రూ జూలాజికల్ పార్కులోకి నీళ్ళు వచ్చాయి. సఫారీ ప్రాంతం మునిగింది. సింహాలను ఎత్తయిన చోట్లకు మార్చి సఫారీని మూసివేశారు. కోవిడ్ వల్ల మార్చి నుంచి మూతపడి ఉన్న జూ, సందర్శకుల కోసం తలుపులు తెరిచింది ఆ అక్టోబర్ మొదటి వారంలోనే. తర్వాతి ఏళ్ళ వానల్లోనూ ఆ నీళ్ళు సఫారీని వదిలిపెట్టలేదు. 2021 మే నెలలో అక్కడి ఎనిమిది సింహాలకు కరోనా సోకినట్టు తేలింది. దేశంలో జంతువుల్లో నిర్ధారణ అయిన మొదటి కేసులు అవే. ఏడాది తిరగకుండా నీళ్ళూ వచ్చాయి, రోగమూ వచ్చింది. జూ తన భవిష్యత్తు గురించి ఆలోచించక తప్పని స్థితి అంటే ఇదే.

ఆ చెరువు, ఆ జూ ఒకదాని పక్కన ఒకటి ఎలా వచ్చాయో చూద్దాం. మీర్ ఆలం నిజాం దగ్గర దివానుగా ఉన్నవాడు. పందొమ్మిదో శతాబ్ది తొలి దశకంలో అతని పేరున కట్టిన చెరువు ఇది. దాని కట్ట ఇరవై ఒక్క అర్ధచంద్రాకారపు కమానులు వరసగా పేర్చినట్టు ఉంటుంది. ఇంజనీర్లు ఇప్పటికీ మెచ్చుకునే కట్టడం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చేవరకు నగరానికి తాగునీరు ఇచ్చింది. ఆ రెండు జలాశయాలకు కారణం కూడా వరదే: 1908 సెప్టెంబర్ 28న మూసీ ఉప్పొంగి వేలమందిని మింగిన తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి ప్రణాళిక వేయించారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకుని తానొక్కడే బతికి బయటపడ్డాడు. దాని మీద ఆయన రాసిన కవిత పేరు 'ఖయామతె సుగ్రా', అంటే చిన్న ప్రళయం. హైదరాబాదు వరద మీద రాయబోయే తెలుగు కవి ఆయన పేరైనా విని ఉండాలని నా అభిప్రాయం. మన తెలుగు శాఖల పాఠ్యప్రణాళికల్లో పొరుగు గుమ్మంలోని ఉర్దూకు చోటు దొరకదు గాని, అది వేరే వ్యాసం.

జూ సంగతి. నగరంలోని బాగె ఆమ్ తోటలో ఉండే జంతువులకు విశాలమైన చోటు కావాలని 1959లో బహదూర్‌పురాలో దీన్ని స్థాపించి, 1963 అక్టోబర్ 6న ప్రజలకు తెరిచారు. 380 ఎకరాలు. ఇనుపచువ్వల బోనుల బదులు చుట్టూ కందకం తవ్వి, జంతువును బయట నేల మీద తిరగనివ్వడం ఆనాటికి ఆధునిక పద్ధతి. 1974లో దేశంలోనే మొదటి సింహాల సఫారీ ఇక్కడ వచ్చింది. చెరువు పక్క స్థలం కావడం అప్పట్లో వరంలా కనిపించి ఉంటుంది: పచ్చదనం, చల్లదనం, నీటి పక్షులు. చెరువులో నీరు చెరువులోనే ఉంటుందన్న నమ్మకం మీద వేసిన లెక్క అది.

ఆ లెక్క ఎక్కడ తప్పిందో తెలంగాణలో పుట్టినవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది చెరువుకు చేరుతుంది, అది నిండితే ఆ కిందిదానికి. ఈ గొలుసులో ఒక్క కడియం తెగినా, నడుమ కాలువను కాలనీగా మార్చినా, నీళ్ళు తమ దారి తాము వెతుక్కుంటాయి. మీర్ ఆలం పై భాగాన నేలంతా సిమెంటు అయింది. ఇంకవలసిన వాన ఇంకకుండా ఒక్కసారిగా చెరువులోకి దూకుతుంది. చుట్టుపక్కల కాలనీల మురుగు ఏళ్ళుగా అందులోనే కలుస్తూ వచ్చింది. చెరువు శిఖం మీద ఆక్రమణలు సరేసరి. కాబట్టి సఫారీలోకి వచ్చినది వట్టి వాననీరు కాదు, నగరం వదిలించుకున్న సమస్తమూ. అందులో ప్రకృతి వాటా ఎంత, రియల్ ఎస్టేటు వాటా ఎంత? ఈ లెక్క వేయకుండా రాసిన వరద కవిత, ఎంత ఆవేశంగా ఉన్నా, నేరస్థులను దాచిపెట్టే సాక్ష్యమే అవుతుంది.

ఇప్పుడు ఆ విద్యార్థి సింహం దగ్గరికి వద్దాం. మెడలోతు నీళ్ళలో బోనులో గర్జిస్తున్న సింహం అన్న బొమ్మ ఎందుకు నిలవదు? సఫారీలో సింహానికి పగటిపూట బోను లేదు. సాయంత్రం రాత్రి గదిలోకి వెళుతుంది. ఎవరో తరిమితే వెళ్ళదు. కాపరి పేరు పెట్టి పిలుస్తాడు, లోపల మాంసం ఉంటుంది, ఆ వాసనకూ ఆ గొంతుకూ అలవాటుపడి వెళుతుంది. వరద రాత్రి ప్రమాదం ఈ అలవాటు తెగినప్పుడు వస్తుంది. గది ముందు నీళ్ళు నిలిస్తే జంతువు అటు రాదు. కాపరి నీళ్ళలో దిగాలి. మరో సంగతి: కందకం జంతువును ఆపేది లోతుతో. ఆ కందకం నిండితే అదే దారి అవుతుంది. పులి చక్కగా ఈదుతుంది. సింహమూ అవసరమైతే ఈదుతుంది. అంటే వరదలో మునిగే బందీ కథకు తోడు, వరద వల్ల గోడ చెరిగిపోయే కథ ఒకటి ఉంది. కవికి ఏది ఎక్కువ పనికొస్తుందో కవే తేల్చుకోవాలి. కాని రెండోది ఉందని తెలియకపోతే తేల్చుకునే అవకాశమే లేదు.

రెండో కథ ఎంత భయంకరమో జార్జియా రాజధాని తబిలిసి చెబుతుంది. 2015 జూన్ 13 రాత్రి వేరే అనే చిన్న నది పొంగి అక్కడి జూను ముంచింది. సుమారు సగం జంతువులు చనిపోయాయి. జూ ఉద్యోగులూ చనిపోయారు. నగర కూడలిలో నీటిగుర్రం నిలబడి ఉన్న ఫోటో ప్రపంచమంతా చూసింది. నాలుగు రోజుల తర్వాత ఒక గోదాములో దాక్కున్న తెల్లపులి ఒక మనిషిని చంపింది. పత్రికలు నీటిగుర్రాన్ని గుర్తుపెట్టుకున్నంతగా ఆ ఉద్యోగులను గుర్తుపెట్టుకోలేదు. ఆ నదిని కొంతమేర సొరంగాల్లోకి నెట్టి మీద రోడ్లు వేశారన్న విషయం ఇంకా తక్కువమందికి తెలుసు. కొత్త జూను తబిలిసి సముద్రం అనే జలాశయం దగ్గరికి తరలించే ఆలోచన ఆ తర్వాత గట్టిపడింది.

ప్రాగ్ నగరం దారి వేరు. 2002 ఆగస్టులో వల్తావా నది వరదలో అక్కడి జూ 130కి పైగా జంతువులను పోగొట్టుకుంది. గాస్టన్ అనే సముద్రసింహం నదిలో కొట్టుకుపోయి జర్మనీ దాకా ఈది, పట్టుబడిన తర్వాత చనిపోయింది. ఆ జూ వాళ్ళు స్థలం వదలలేదు. జూలో సగం నదీతీరాన, సగం గుట్ట మీద ఉంది గనుక ఏనుగుల వంటి, పరుగున తరలించలేని జంతువులకు గుట్ట మీద కొత్త చోటు కట్టారు. 2013లో మళ్ళీ వరద వచ్చేసరికి ముందే వెయ్యి జంతువుల దాకా పైకి తరలించారు. ఇక్కడ కవిత్వం తక్కువ, ఏర్పాటు ఎక్కువ. నాకు మాత్రం గాస్టన్ విగ్రహం కంటే ఈ తరలింపే గొప్ప కథావస్తువుగా కనిపిస్తుంది.

హైదరాబాదుకు ఏ దారి? కట్ట పక్కన కాలువలు, గోడలు కట్టి నీళ్ళను మళ్ళించడం ఒకటి. ఇది అవసరమే గాని, పై చెరువుల సంగతి తేల్చకుండా కింద గోడ కడితే ఆ నీళ్ళు పక్కనున్న బస్తీ ఇళ్ళలోకి పోతాయి. సింహాన్ని కాపాడి కిషన్‌బాగ్ వాళ్ళను ముంచడం పరిష్కారమని ఎవరూ అనరు. జూలోనే పల్లపు భాగాన్ని నీళ్ళకు వదిలేసి, అక్కడ నీటి పక్షులను ఉంచి, సింహాలను ఎత్తుకు చేర్చడం మరొకటి. ఇది నాకు సబబుగా తోస్తుంది.

మూడో మాట పెద్దది: అసలు జూ ఎందుకు? మన భాషలో దాని పేరే 'జంతు ప్రదర్శనశాల'. ప్రదర్శన కోసం ఉన్న శాల. పాఠ్యపుస్తకంలో ఈ మాట, వాడుకలో 'జూపార్కు'. ప్రదర్శన అన్న పనికి ఇప్పుడు చట్టమే హద్దులు పెట్టింది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం సవరణ ద్వారా 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ వచ్చింది. జూ ముఖ్య ఉద్దేశం సంరక్షణ అని 1998 జాతీయ విధానం చెప్పింది. ఇదే హైదరాబాదు జూలో 2010లో సీసీఎంబీ శాస్త్రవేత్తల తోడ్పాటుతో మూషిక జింకల పెంపకం మొదలుపెట్టారు. కుందేలంత ఉండే జింక అది. పెంచిన జింకలను మన నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. అడవికి తిరిగి జంతువును ఇవ్వడం జూ చేయగలిగిన పని అని ఆ చిన్న జింక రుజువు చేసింది. పింగళకుడనే సింహరాజు కొలువును 'నీతిచంద్రిక'లో వల్లె వేసిన మనకు సింహం మీదే చూపు. మూషిక జింకను తిరిగి అడవికి పంపిన కథ మనలో ఎవరూ రాసినట్టు నాకు కనబడలేదు.

ఐతే ఒక చిక్కుంది. ప్రదర్శన వద్దు, జూను నగరం బయటికి తరలించి పరిశోధనశాల చేద్దాం అనడం చదువుకున్నవాళ్ళకు తేలిక. జూపార్కుకు వచ్చేది ఎవరు? పాతబస్తీ నుంచి సిటీ బస్సులో పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లులు, సద్దిమూట కట్టుకుని సూర్యాపేట, మిర్యాలగూడ పక్క పల్లెల నుంచి వచ్చే కుటుంబాలు, సర్కారు బడి పిల్లల విహారయాత్రలు. ఏనుగును ముఖాముఖి చూడటానికి కెన్యా వెళ్ళే స్తోమత వాళ్ళకు లేదు. జంతువు స్వేచ్ఛ, పేదవాడి ఒక్క సెలవు రోజు – ఈ రెండింటి మధ్య వైరుధ్యం నిజమైనది. దాన్ని ఒక పక్షం పట్టి తేల్చేసిన కథ నినాదంగా మిగులుతుంది. వైరుధ్యాన్ని వైరుధ్యంగానే పట్టుకోగలిగితే మంచి నవలిక అవుతుందని నా ఆశ. అందులో ప్రధానపాత్ర ఎవరని అడిగితే కాపరి అంటాను. మన కథల్లో రైతు ఉన్నాడు, నేతగాడు ఉన్నాడు, బీడీ కార్మికురాలు ఉంది. తనకు నెలజీతం ఎంతో, సింహానికి రోజు మాంసం ఎంతో రెండూ తెలిసిన మనిషి మాత్రం లేడు. వరద రాత్రి ఆ మనిషి ఇల్లు కూడా పల్లంలోనే ఉండి ఉండవచ్చు. మొదట ఇంటికి వెళ్ళాలా, రాత్రి గది తలుపు దగ్గరికి వెళ్ళాలా?

మన ప్రాంతపు రచయితలకు ఇదంతా హైదరాబాదు గొడవ అనిపించవచ్చు. మీర్ ఆలం మిగులు నీళ్ళు చేరేది మూసీలోకి. ఆ మూసీయే సూర్యాపేట పక్క సోలిపేట దగ్గర ప్రాజెక్టులో ఆగుతుంది. 2019 అక్టోబర్‌లో ఆ ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయి నిల్వ ఉన్న నీళ్ళన్నీ దిగువకు పోయాయి. అక్కణ్ణుంచి సాగి మిర్యాలగూడ దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ విద్యార్థిది వాడపల్లి దారిలోని ఊరే. కవితను చించవద్దని, ఒక సోమవారం కాకుండా – ఆరోజు జూకు సెలవు – మరేదైనా రోజు బహదూర్‌పురా వెళ్ళి, సింహాల దగ్గర కాకుండా కాపరుల దగ్గర కూర్చుని రమ్మని చెప్పాను. చెరువు కట్ట మీదికి కూడా వెళ్ళి కమానులు లెక్కపెట్టి రమ్మన్నాను.