తిరగని కండె

సిరిసిల్లలో సాంచాలు నడుస్తుంటే నాడె ఈ చివర నుంచి ఆ చివరకు దూకుతూనే ఉంటుంది. దాని కడుపులోని కండె మాత్రం తిరగదు. పోగు కండె కొన మీదుగా చుట్ట తర్వాత చుట్టగా జారి వస్తుంది. నేత ఊళ్లో ఎవరూ పట్టించుకోని ఈ చిన్న సంగతే గాలం వేసే సరంజామా మొత్తాన్ని ఒక భుజం సంచిలోకి తెచ్చింది.

అడవి బాట పట్టినవాడికి గాలం ఎప్పుడూ అక్కరకొచ్చేదే. వేట దొరకని పూట వాగు కూడు పెడుతుంది. ఆదిలాబాద్ అడవుల్లో వెదురుకు కొదవ లేదు కనుక ఒక కర్ర, బారెడు దారం, ఒక కొక్కెం ఉంటే పని జరిగిపోయేది. కాకపోతే కర్ర ఎంత పొడవుంటే గాలం అంతే దూరం పోతుంది. తెల్లదొరలకు ఆ చిక్కు లేదు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లోనే ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అని గాలం వేట మీద పుస్తకం రాశాడు. వాళ్లకు పొడవాటి కర్రలుండేవి, బరువైన రీళ్లుండేవి, వాటిని మోసే మనుషులూ ఉండేవారు.

ఆ పాత రీలు గాలిపటం చరఖా లాంటిది. దారం పోవాలంటే చక్రం తిరగాలి. చక్రాన్ని కదిలించాలంటే ఎరకు తగినంత బరువు ఉండాలి. తీరా ఎర నీళ్లలో పడి ఆగిపోయినా చక్రం అదే ఊపులో తిరుగుతూనే ఉంటుంది, దారం గూడు కట్టుకుపోతుంది. దాన్ని బొటనవేలితో ఆపడమే పెద్ద విద్య.

స్కాట్లండ్‌లోని పెర్త్‌కు చెందిన పీటర్ మల్లోచ్ 1884లో ఒక ఉపాయం పన్నాడు. విసిరేటప్పుడు రీలును పక్కకు తిప్పితే దారం అంచు మీదుగా జారిపోతుంది, చుట్టేటప్పుడు మళ్లీ యథాస్థానానికి తిప్పుకోవాలి. అసలు మలుపు 1905లో వచ్చింది. ఇంగ్లండ్‌లో ఉన్ని మిల్లులకు పేరున్న బ్రాడ్‌ఫర్డ్ ఊరివాడు, నూలు మిల్లుల కుటుంబంలో పుట్టిన ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ ఆ ఏడాది తిరగని రీలుకు పేటెంటు తీసుకున్నాడు. మిల్లులో కండెల మీది నుంచి జారే నూలే అతనికి దారి చూపిందని చెబుతారు.

అందులోని భౌతికశాస్త్రం తేలిక. కదలని వస్తువును కదిలించడానికి బలం కావాలి, కదిలేదాన్ని ఆపడానికీ కావాలి. చక్రమే తిరగనప్పుడు ఈ రెండు ఖర్చులూ ఉండవు. ఎర లాగాల్సింది దారం బరువునే. అందుకే పది గ్రాముల ఎర కూడా పొట్టి కర్రతో దూరం పోతుంది.

ఇప్పటి రీలును చేతిలోకి తీసుకుని పిడి నెమ్మదిగా తిప్పి చూడండి. తీగ వంపు ఒకటి కండె చుట్టూ పరుగెడుతూ దారాన్ని చుడుతుంది. కండె తిరగదు, పైకీ కిందికీ జరుగుతూ దారం ఒకేచోట కుప్ప పడకుండా చూస్తుంది. పిడి ఒక్క చుట్టు తిరిగితే తీగ సుమారు ఐదు చుట్లు వేస్తుంది. కండె అడ్డుకొలత నాలుగున్నర సెంటీమీటర్లయితే ఒక్కో చుట్టుకు 14 సెంటీమీటర్లు, అంటే పిడి ఒకసారి తిప్పితే 70 సెంటీమీటర్ల దారం లోపలికి వచ్చినట్టు. కండె తిరిగే సందర్భం ఒకటే ఉంది. పెద్ద వాలుగ పడి గుంజినప్పుడు, నెత్తిన ఉన్న మరను ఎంత బిగించామో ఆ పట్టును మించిన లాగుడు వస్తే కండె జారుతూ దారం వదులుతుంది. దారం తెగే బరువులో మూడో వంతు దగ్గర ఆ మరను బిగించడం ఆనవాయితీ.

రీలు వచ్చినా దారం ఇంకా పాతదే. పట్టు దారం తడిస్తే కుళ్లుతుంది, వాడిన ప్రతిసారీ ఆరబెట్టాలి. కొక్కెం దగ్గరి ముక్కను పట్టుపురుగు గ్రంథిని సాగదీసి చేసేవారు. దసలి పట్టు పండించే చెన్నూరు, మహాదేవ్‌పూర్ రైతులకు ఆ గ్రంథి విలువ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1935లో అమెరికాలోని డ్యుపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్ తయారుచేసింది. అదే గ్రంథి చేసే పనిని యంత్రం చేసింది: కరిగిన పదార్థాన్ని సన్నని రంధ్రం గుండా నెట్టి ఒకే పోగుగా సాగదీసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైలాన్ దారం, తిరగని రీలు జోడీ కట్టి లోకమంతా తిరిగాయి.

చివరగా కర్ర వంతు. గట్టి వెదురు బద్దలను అతికించి చేసిన కర్రను ముక్కలుగా విప్పవచ్చు గానీ ఒకదానిలో ఒకటి దూర్చలేం. గాజునార, ఆ తర్వాత కార్బన్ నారతో చేసిన బోలు గొట్టాలు ఒకదానిలో ఒకటి ఒదిగిపోతాయి. రెండు మీటర్ల కర్ర ముడిస్తే మూరెడవుతుంది.

అయితే దీన్ని వేటకు తోడుగా తీసుకెళ్లే రోజులు పోయాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు వేట నిషేధం. 2012లో ఆదిలాబాద్ అడవుల్లోని కవ్వాల్ పులుల అభయారణ్యమైంది. అలాంటిచోట అనుమతి లేకుండా గాలం వేయడమూ తప్పే. దిగువ మానేరు వంటి జలాశయాల్లో చేపల మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది, వాళ్లను అడిగి వేయడం మర్యాద.

ఇంకో మాట. పట్టు దారం కుళ్లుతుంది, నైలాన్ కుళ్లదు. ఆ కుళ్లకపోవడమే ఇప్పుడు చిక్కు. తెగిపోయి గట్టున పడిన పోగు ఏళ్ల తరబడి అక్కడే ఉండి కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది. సరంజామా సంచిలో పట్టేంత చిన్నదైంది కదా, తెగిన దారానికీ అందులో చోటుంటుంది.