చెడినదెవరు? చెఱచినదెవరు?

తణుకు ప్రాంతమున దాళ్వా కోతలనాడు మేమొక కళ్ళముగట్టున నిలిచియుండగా, గడియసేపటిలో ఒకే మాట నాలుగు విధముల వినవచ్చెను. "చెడ్డ ఎండ" అని కూలివారనిరి. "కాలము చెడ్డది" అని రైతు నిట్టూర్చెను. "గింజ చెడినదండీ" అని ధాన్యము కొనవచ్చిన పెద్దమనిషి పెదవి విరిచెను. దారిని పోవు ముదుసలి యొకతె రైతును చూచి, "మా మంచిచెడ్డలు విచారించువారే లేకపోయిరి గదా, నాయనా!" అనెను. ఎండ చెడ్డదనగా మిక్కుటమైనదని. కాలము చెడ్డదనగా మనుష్యులు మాఱిరని. గింజ చెడినదనగా ధర తగ్గునని. ముదుసలి చెప్పిన చెడ్డ వేఱు. బంధువు మన మంచికి రాకున్న సహింతుముగాని చెడ్డకు రాకున్న మఱవము. అచట చెడ్డ యనగా చావు.

మాటకు ఎదురుమాట ఉండితీరునని తలచువారు మంచినీళ్ళను చూడవలెను. వానికి ప్రతిగా ఉప్పునీళ్ళు కలవుగాని చెడ్డనీళ్ళు లేవు. మంచినూనె యనగా నువ్వులనూనె; అంతమాత్రమున ఆముదమును చెడ్డనూనె యన్నవారు లేరు. ఇక "చెడ తిరిగితిమి", "చెడ తిట్టెను" అనుచోట చెడుగే లేదు. అధికమను అర్థమొక్కటే మిగిలినది.

వ్యాకరణము కొంచెము తిరుగవేసిన మఱియొక విశేషము కానవచ్చును. పడు ధాతువునకు పడ్డ యెట్లో, చెడు ధాతువునకు చెడ్డ యట్లు. చెడ్డవాడనగా చెడినవాడు, అనగా మునుపు బాగుగా నుండినవాడని భాషయే ఒప్పుకొనుచున్నది. దావాలలో భూములు హరించుకొనిపోయిన గృహస్థును "బ్రతికి చెడినవాడు" అందుము. అందు నిందలేదు, జాలియే కలదు. చెడి బ్రతుకవచ్చునుగాని బ్రతికి చెడరాదని సామెత. మన పాఠకులలో భూవసతి గలవారికి దీని అర్థము మేము చెప్పనక్కఱలేదు.

కాని యీ క్రియలోనే ఒక మోసమున్నది. చెడు అకర్మకము. ఎవరును ఏమియు చేయనక్కఱలేక తనంత తానే జరిగినట్లు వినబడును. చేసినవాడు కనబడవలెనన్న చెఱచు అనవలెను. ఆ మాట మన నోట అంత సులువుగా రాదు. కుమారుడు తాగుడు మరగిన "చెడిపోయినాడు" అందుము. నాలుగేండ్లకు దారికి వచ్చెనా, మఱతుము. ఆడుబిడ్డ విషయమున అదే మాటకు అర్థమొక్కటే, అది జన్మాంతము విడువదు. చెఱచినవాడు ఆ వాక్యములో ఎచటను లేడు. అతడు అదేయూర అరుగుమీద కూర్చుండి ఆ వాక్యమును తానును పలుకుచుండును.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము చేయించినపుడు, అందు పాల్గొన్నవారికి కులము చెడినదని వెలివేసిరి. బాల్యముననే మొగమెఱుగని భర్త చనిపోయిన పిల్లను మూలకు త్రోసినప్పుడు ఏమియు చెడలేదట! ఆమె పెండ్లిపీటలమీద కూర్చున్నప్పుడే చెడినదట!

కళ్ళములోని గింజకును ఇదే గతి. 2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినపుడు డెల్టాలో కోసిన సార్వా పంట నీట నానెను. వేసవిలో కురియు అకాలవర్షము దాళ్వాకు అట్టి హానియే చేయుచుండును. ప్రభుత్వ కొనుగోలు నియమములలో ధాన్యమున తేమ నూటికి 17 పాళ్ళకు మించరాదని కలదు. అది కొలత, ఎక్కువైన ఎండబెట్టి మరల చూపవచ్చును. "చెడినది" అనుట కొలత కాదు. ఎంత చెడినది, ఏమి చెడినది, ఆఱిన పిమ్మట బాగుపడునా అను ప్రశ్నలన్నియు ఆ ఒక్కమాటతో మూతబడి, బస్తాకు ఇంత తగ్గింపని మాత్రము మిగులును.

ఆనాటి రైతు చదువుకొన్నవాడు కాడు. గుప్పెడు గింజలెత్తి అరచేత నలిపి కొనవచ్చినవానికి చూపుచు, "చెడలేదండీ, తడిసినదండీ" అనెను. ఆ పెద్దమనిషి నవ్వి, పుస్తకము తీసి, మునుపు చెప్పిన ధరయే వ్రాసికొనెను.