నాలుగు నిమిషాల పాటలో ఎముక గట్టిపడదు!

ఎర్రగడ్డ అనగానే మన సినిమా రచయితలకి ఒకటే జోకు గుర్తొస్తుంది. హాస్యనటుడు కాస్త తిక్కగా మాట్లాడితే చాలు, పక్కవాడు “వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలిరా!” అంటాడు. హాల్లో నవ్వులే నవ్వులు! మానసిక చికిత్సాలయం వున్న పాపానికి మా పేటకి దక్కిన పేరు అది. ఒకప్పుడు తెల్లవారుజామున నిక్కరు వేసుకుని రోడ్డు మీద ఒంటరిగా పరిగెత్తేవాణ్ణి చూసినా జనం ఆ మాటే అనేవారు. ఇప్పుడు చూడండి... ఆ వేళకి ఎర్రగడ్డే పరిగెడుతోంది!

మెట్రో స్తంభాల పక్కన కొందరు, సనత్‌నగర్ వీధుల్లో కొందరు, కల్యాణ్‌నగర్, వెంగళరావునగర్ వైపు మరికొందరు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ కోసం కొందరి పరుగు. పొట్ట తగ్గాలని కొందరిది. అమీర్‌పేటలో కోచింగ్ కోసమని జిల్లాలనించి వచ్చి, ఇక్కడి హాస్టళ్ళలో దిగిన యువతరానిది మాత్రం ఉద్యోగం కోసం పరుగు. 2022లో వెలువడిన తెలంగాణ పోలీసు నియామకాల్లో మగవాళ్ళు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లలో పరిగెత్తాలన్నారు. పుస్తకాల ముందు నెలల తరబడి కూర్చున్న కాళ్ళని రెండు వారాల్లో గుర్రాలు చెయ్యాలంటే మాటలా?

నేనూ వారానికి మూడు రోజులు వీళ్ళతో కలుస్తాను. నిజం చెప్పాలంటే నా పరుగు తక్కువ, కబుర్లు ఎక్కువ. ఆ కబుర్లలో తరచూ వినపడే మాట ఒకటుంది. నల్గొండ వైపునించి వచ్చిన ఓ కుర్రాడు ఎర్రగడ్డ మెట్రో మెట్ల మీద కూచుని కాలు నొక్కుకుంటూ అదే అన్నాడు.

“మొదలువెట్టంగనే బాగ నొస్తదన్నా. రెండు రౌండ్లు కొట్టినంక పోతది. రూముకొచ్చినంక మల్ల మొదలైతది. బామ్ రాస్తున్న, తగ్గుతలేదు. ఇంక మూడు నెలలే వున్నది. ఆపుదునా, ఉరుకుదునా?”

ఆ ప్రశ్నకి జవాబే ఈ వ్యాసం.

ఏమిటీ షిన్ స్ప్లింట్స్?

మోకాలికీ చీలమండకీ నడుమ, ముందువైపు చేతికి గట్టిగా తగిలే ఎముక వుంది చూశారా? దాని లోపలి అంచున, అంటే రెండో కాలికి ఎదురుగా వుండే వైపున, కింది భాగంలో వచ్చే నొప్పినే పరుగువీరులు ‘షిన్ స్ప్లింట్స్’ అంటారు. వేలితో అంచు వెంట నొక్కుతూ పోతే ఒక్క బిందువు దగ్గర కాకుండా, అయిదు సెంటీమీటర్లో అంతకన్నా ఎక్కువో పొడవునా నొప్పి తెలుస్తుంది. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ళకీ, సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళకీ, గట్టి నేల మీద గంటల తరబడి అడుగులు కొట్టే నాట్యకారులకీ ఇది బాగా పరిచయమైన బాధ.

ఎందుకొస్తుంది? పరిగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకీ మన బరువుకి రెండు మూడింతల భారం కాలి మీద పడుతుంది. కిలోమీటరు పరుగులో ఒక్కో కాలు దాదాపు 500 సార్లు నేలని తాకుతుంది. ప్రతి తాకిడికీ ఎముక కంటికి కనపడనంతగా వంగి లేస్తుంది. దానికి అంటుకుని వున్న పిక్క కండరాలు అదే సమయంలో లాగుతుంటాయి. అలవాటైన కాలికి ఇదేమీ లెక్క కాదు. అలవాటు లేని కాలికి హఠాత్తుగా ఆ భారం పెరిగితేనే చిక్కు!

సెట్టు విప్పే వేళ షూటింగు

మాకు దగ్గర్లోనే, అమీర్‌పేటలో సారథి స్టూడియో వుంది. పూర్తిగా హైదరాబాదులోనే తయారైన తొలి తెలుగు చిత్రంగా పేరుపడ్డ ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) అక్కడే రూపుదిద్దుకుంది. స్టూడియో ఫ్లోరు మీద కొత్త సెట్టు వెయ్యాలంటే ముందు ఏం చేస్తారు? పాత సెట్టు విప్పుతారు. ఎముకదీ అదే పద్ధతి!

కొత్త భారం మొదలవగానే శరీరం “ఈ ఎముక చాలదు, గట్టిది కావాలి” అనుకుంటుంది. కొన్ని కణాలు వచ్చి పాత ఎముకని కొద్దికొద్దిగా తొలిచేస్తాయి. ఆ పని రెండు మూడు వారాలు పడుతుంది. తర్వాత ఇంకో రకం కణాలు వచ్చి కొత్త ఎముకని నింపుతాయి. అది పూర్తిగా గట్టిపడడానికి నెలలు కావాలి. అంటే పరుగు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఎముక బలపడే దారిలోనే వుంటుంది కానీ, ఆ కొద్దికాలం మునుపటికన్నా కాస్త బలహీనంగా వుంటుంది. మనవాడు సరిగ్గా అప్పుడే రెండు కిలోమీటర్లు కాస్తా ఆరు చేస్తాడు. ఎందుకు? ఊపిరి కుదిరింది కనక! గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొద్ది వారాల్లోనే పాఠం నేర్చుకుంటాయి. ఎముక మాత్రం వెనకబెంచీ విద్యార్థి. నెమ్మదిగా నేర్చుకుంటుంది. సెట్టు విప్పిన రోజునే పోరాట దృశ్యం తీస్తామంటే కుదురుతుందా మరి?

ఇక్కడే మన సినిమాలు యువతరాన్ని కొంచెం తప్పుదోవ పట్టిస్తాయి. పందెం ఒప్పుకున్న హీరో పాట మొదట్లో రొప్పుతుంటాడు. పల్లవికి పడిపోతాడు, చరణానికి లేస్తాడు, నాలుగు నిమిషాల్లో ఛాంపియన్! నొప్పిని పళ్ళబిగువున ఓర్చుకోవడమే అక్కడ వీరత్వం. కానీ 1991లో మౌళి దర్శకత్వంలో వచ్చిన ‘అశ్విని’ని గుర్తు చేసుకోండి. అందులో నాయిక అశ్వినీ నాచప్ప నిజమైన పరుగుల రాణి. తెరమీద ఆమె కాళ్ళలో కనపడ్డ ఆ వేగం ఒక పాటలో వచ్చింది కాదు. దాని వెనక ఏళ్ళ సాధన వుంది.

ఒక గదిలో ఇద్దరు

మన నల్గొండ కుర్రాడి గదిలోనే ఇంకొకతనుండేవాడు. అతనికీ అదే నొప్పి. “నొప్పి వుంటేనే పని అవుతున్నట్టు” అంటూ మాత్రలు మింగి పరిగెత్తాడు. పొడవునా వున్న నొప్పి రానురాను ఒక్కచోట గుచ్చినట్టయింది. రాత్రి పడుకున్నా సలుపు! చివరికి స్కానింగులో ఎముక చిట్లిందని తేలింది. ఆ ఏడాది అతనికి పరీక్ష లేదు, మైదానమూ లేదు. మా కుర్రాడు మాత్రం ఆగాడు. అతనేం చేశాడో, ఫిజియోథెరపీ తెలిసినవాళ్ళు సాధారణంగా ఏం చెబుతారో వరసగా చెబుతాను.

నొప్పి మొదలైతే...

ముందు పరుగు ఆపాలి. అంటే మంచం ఎక్కమని కాదు. సైకిలు తొక్కండి, ఈత వస్తే ఈదండి. ఊపిరి పట్టు పోకుండా వుంటుంది, ఎముక మీద దెబ్బ పడదు. నొప్పిగా వున్నచోట ఐసు ముక్కల్ని తువ్వాల్లో చుట్టి పదిహేను నిమిషాలు పెడితే ఉపశమనం. బామ్ రాస్తే చర్మానికి హాయి, ఎముకకి ఒరిగేదేమీ లేదు. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం మాత్రం వద్దే వద్దు! అది నిప్పంటుకున్న ఇంట్లో గంట మోగకుండా గుడ్డ కుక్కడం లాంటిది.

అరగంట చురుగ్గా నడిచినా నొప్పి లేదు, నొక్కినా లేదు అన్న రోజున మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. అలా ఎనిమిది సార్లు. మర్నాడు సెలవు. కాలు పేచీ పెట్టకపోతే తర్వాతి వారం పరుగు కొంచెం పెంచి, నడక కొంచెం తగ్గించాలి. పరుగులో గానీ మర్నాడు పొద్దున గానీ నొప్పి కనపడితే ఒక మెట్టు కిందికి దిగాలి. కొందరికి మూడు నాలుగు వారాల్లో తగ్గుతుంది, కొందరికి మూడు నెలలు దాటుతుంది. మా కుర్రాడికి ఏడు వారాలు పట్టింది.

అసలు రాకుండా వుండాలంటే...

ఒకసారికి ఒకటే పెంచండి. దూరం పెంచిన వారం వేగం పెంచొద్దు. వేగం పెంచిన వారం జూబ్లీహిల్స్ ఎత్తులు ఎక్కొద్దు. వారానికి పది శాతమే పెంచాలని ఒక సూత్రం ప్రచారంలో వుంది. నెదర్లాండ్స్‌లో కొత్త పరుగువాళ్ళ మీద చేసి 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో, అలా నెమ్మదిగా పెంచినవాళ్ళకీ మామూలుగా పెంచినవాళ్ళకీ గాయాల్లో తేడా కనపడలేదు. కాబట్టి పది అనే అంకె మంత్రం కాదు. మీ కాలు ఏమంటోందో వినడమే ముఖ్యం.

అడుగులు చిన్నవి చెయ్యండి. హీరోలా బారలు చాచి పరిగెత్తితే తెరమీద అందమే! కానీ పాదం శరీరానికి బాగా ముందు పడి దెబ్బ నేరుగా ఎముకకి తగులుతుంది. అదే వేగంతో నిమిషానికి అడుగుల సంఖ్య అయిదు నించి పది శాతం పెంచితే ఒక్కో అడుగు భారం తగ్గుతుంది.

పిక్కల్ని బలపరచండి. హాస్టలు మెట్టు చాలు. మునివేళ్ళ మీద నిలబడి మడమలు మెల్లిగా లేపి, మెల్లిగా దించాలి. పదిహేనేసి చొప్పున మూడు సార్లు. మోకాళ్ళు నిటారుగా పెట్టి ఒకమారు, కొంచెం వంచి ఒకమారు. తర్వాత గోడకి వీపు ఆనించి, మడమలు నేలమీదే వుంచి పాదాల ముందుభాగం లేపాలి. జిమ్ము ఖర్చు లేదు!

బూట్ల సంగతి. 500 నించి 800 కిలోమీటర్లు తిరిగాక అడుగున వుండే మెత్తదనం చచ్చిపోతుంది, పైకి ఎంత మెరిసినా సరే. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత బూట్లు చవగ్గా దొరికితే అవి ఇదివరకు ఎన్ని ఊళ్ళు తిరిగాయో ఎవరికెరుక? అరికాలు మరీ చదునుగా వున్నవాళ్ళు ఆసరా వున్న అట్ట గురించి డాక్టరుని అడగొచ్చు. ఇక నేల మాటకొస్తే, పేరులో ఎర్రమట్టి వాసన వున్నా మా వీధులన్నీ సిమెంటూ తారూనే. అలవాటైన కాలికి తారు కూడా శత్రువు కాదు. ట్రెడ్‌మిల్లు మీదనించి రోడ్డు మీదికో, మట్టి మీదనించి సిమెంటు మీదికో ఒక్కరోజులో దూకడమే శత్రువు.

తిండి మరిచిపోవద్దు. హాస్టల్లో పలచటి సాంబారూ అన్నమూ తిని ఎముక కట్టమంటే అది దేంతో కడుతుంది? వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం వుంది. రాగిజావ, పెరుగు, గుడ్డు, కాస్త ఎండ, కడుపునిండా నిద్ర... ఇవే ఎముకకి సిమెంటూ ఇటుకలూ. అమ్మాయిలకి ఒక ప్రత్యేక మనవి. పరుగు పెంచి, తిండి తగ్గించాక నెలసరి ఆగిపోతే “పోనీలే, బాధ తప్పింది” అనుకోవద్దు. ఎముక పలచబడుతోందనడానికి అది గుర్తు కావచ్చు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

నొప్పి ఒక్క బిందువు దగ్గర గుచ్చుతున్నా, రాత్రి నిద్రలో సలుపుతున్నా, ఒంటికాలి మీద గెంతలేకపోయినా, అది ఎముక చిట్లిన సూచన కావచ్చు. అలాంటి చిట్లు తొలి వారాల్లో ఎక్స్‌రేలో కనపడకపోవడం మామూలే. “ఎక్స్‌రే బాగుంది” అని మళ్ళీ పరుగందుకోకండి. ఎం.ఆర్.ఐ. అవసరమా అని అడగండి. పరిగెత్తుతుంటే పిక్క బిగుసుకుపోయి పాదం తిమ్మిరెక్కితే, ఆపగానే సర్దుకుంటే, అది వేరే జబ్బు. ఒక్క పిక్కే వాచి, వేడిగా, ఎర్రగా వుంటే ఆ రోజే చూపించుకోవాలి. ఎర్రగడ్డనించి మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ పంజాగుట్ట, అక్కడికి దగ్గర్లోనే నిమ్స్. దూరమని సాకు చెప్పడానికి లేదు!

మా నల్గొండ కుర్రాడు ఇప్పుడు 1600 మీటర్లూ ఆగకుండా పరిగెడుతున్నాడు. టైము ఇంకా ఓ పదిహేను సెకండ్లు తగ్గాలట. తగ్గిస్తాడు, ఎందుకంటే అతని కాళ్ళు అతని వెంటే వున్నాయి. పరుగు ఆపమంటే సినిమా అయిపోయిందని బెంగపడే మిత్రులారా, ఆ విశ్రాంతి శుభం కార్డు కాదు... ఇంటర్వెల్ మాత్రమే! కాస్త టీ తాగి, కాళ్ళు చాపుకుని కూచోండి. అసలు కథ రెండో సగంలో వుంది.