నడుము నొప్పి: అపోహలు – వాస్తవాలు

"డిస్కు జారినది", "ఎముక అరిగినది", "నరము నలిగినది" అని, నడుము పట్టుకొని మంచమెక్కినవాని చుట్టు చేరిన బంధుమిత్రులు పలుకు మాటలు, జాలితో పలికినవే యైనను, తరచుగా నొప్పికంటె నెక్కువ కష్టమునే వానికి కలిగించుచుండును. నొప్పి యున్నచో లోపల ఏదో చెడియే యుండవలెననియు, నొప్పి ఎంతయో చెరుపు నంతయే యనియు జనసామాన్యమున పాతుకొనిపోయిన నమ్మకమే ఈ మాటలకు మూలము. తక్కిన అపోహలన్నియు దీని పిలకలే.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇటలీ రణరంగములో తీవ్రముగా గాయపడిన సైనికులను పరిశీలించిన అమెరికా వైద్యుడు హెన్రీ బీచర్, వారిలో సుమారు నాలుగింట మూడు వంతులమంది నొప్పి మందు కోరకపోవుట చూచి విస్మితుడై, 1946లో ఆ సంగతిని ప్రకటించెను. దీనికి విపర్యయముగా, 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వర్ణించిన 29 ఏండ్ల కట్టడపు పనివాడొకడు 15 సెంటీమీటర్ల మేకుపై దూకగా, అది బూటును చీల్చుకొని పైకి వచ్చెను. దానిని ఏమాత్రము కదల్చినను అతడు తాళలేకపోవుటచే మత్తు మందిచ్చి బూటు విప్పి చూడగా, మేకు కాలివేళ్ళ సందున దూరిపోయి యుండెనే గాని పాదమునకు గాయమే లేదు. నాడులు మెదడునకు చేరవేయునది అపాయవార్త మాత్రమే. ఆ వార్తను పూర్వానుభవముతోను, భయముతోను, నిద్రలేమితోను, ఇంటి చింతలతోను కలిపి తూచి నొప్పిగా రూపొందించునది మెదడు. ఆ వార్తలను ఒకప్పుడు విడుచుచు, ఒకప్పుడు అడ్డగించుచు నుండు ద్వారము వంటి ఏర్పాటు వెన్నుపాములో కలదని 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. దెబ్బ తగిలిన మోకాలిని తల్లి నిమిరిన కొలది బిడ్డకు ఉపశమనము కలుగుట యెట్లో దీనివలన కొంత బోధపడును. అయితే, ఇంతమాత్రమున నొప్పి "అంతా మనసులోనిదే" యని రోగిని తీసిపారవేయుట మరియొక అన్యాయము: ఆ పనివాడు అనుభవించిన బాధ నూటికి నూరుపాళ్ళు నిజము.

స్కాను తీయించినచో సర్వము తేలిపోవునను నమ్మకము నేడు పల్లెలకు సైతము ప్రాకినది. ఏ నొప్పియు లేని 3,000 మందికి పైబడిన వారి వెన్నెముక చిత్రములను గూర్చిన పరిశోధనలను సమీక్షించి 2015లో ప్రకటించిన లెక్కల ప్రకారము, ఇరువదేండ్లవారిలోనే నూటికి 37 మందికి, ఎనుబదేండ్లవారిలో 96 మందికి డిస్కులు క్షీణించిన గుర్తులున్నవి. అనగా, రిపోర్టులో కనబడు "అరుగుదల" పెక్కుసార్లు తల నెరియుట వంటి వయోధర్మమే గాని, నొప్పికి కారణమని దానిని బట్టియే తేల్చి చెప్పుటకు వీలు లేదు. ఇక "జారుట" యను మాటయే తప్పు: పైపూసకును క్రిందిపూసకును గట్టిగా అతుకుకొనియుండు డిస్కు, సబ్బుబిళ్ళవలె జారదు; దానిలోని మెత్తని భాగము ఒకవైపునకు ఉబుకుట గలదు, అట్లుబికినది కాలక్రమమున తనంతట తానే కుంచించుకొనిపోవుటయు తరచు గలదు. ఆ ఒక్క మాటకు బెదరి, వంగి బిందె ఎత్తుటకు సైతము జీవితాంతము జంకువారిని తలచుకొన్నప్పుడెల్ల నాకు మనసు కలుక్కుమనును.

నొప్పి తగ్గువరకు కదలక పడుకొనవలెనను సలహాను ఒకప్పుడు వైద్యులే ఇచ్చుచుండిరి. 1986లో అమెరికాలో జరిపిన పరీక్షలో రెండు దినములు విశ్రమించినవారు, ఏడు దినములు విశ్రమించిన వారికంటె తక్కువ పనిదినములు కోల్పోయిరి. 1995లో ఫిన్లండులో, ఓపినంతవరకు తమ పనులు తాము చేసికొనుచుండినవారే త్వరగా కోలుకొనిరి. కావున వేడి కాపడము పెట్టుకొని, కొద్దికొద్దిగా నడచుచు, నాడు చేయగలిగిన దానికంటె మరునాడు కొంచె మధికముగా చేయుట మేలు; నడుము నొప్పులలో అధికభాగము కొన్ని వారములలో తగ్గుముఖము పట్టును.

వంకాయ, బంగాళాదుంప మానినచో నడుము నొప్పి తగ్గుననుటకు ఆధారము లేదు. మందుల దుకాణములో తామే అడిగి తెచ్చుకొను నొప్పి బిళ్ళలను నెలల తరబడి మ్రింగుట మాత్రము కడుపునకును మూత్రపిండములకును హాని. ఓర్చుకొనుటయే స్త్రీధర్మమని, నాట్లు వేసి వేసి నడుము విరిగిన ఇల్లాలు నోరు మెదపకుండుటను మెచ్చుకొను మన అలవాటు, నా దృష్టిలో, పై అపోహలన్నిటికంటె క్రూరమైనది.

నిర్లక్ష్యము చేయరాని నొప్పియు గలదు. జ్వరముతోనో, కారణము తెలియని బరువు తగ్గుదలతోనో కూడిన నొప్పిని, పూర్వము కాన్సరు వచ్చినవారి నొప్పిని, వృద్ధులకు పడిపోయిన పిదప వచ్చిన నొప్పిని జాగుచేయక వైద్యునకు చూపవలెను. మూత్రము బిగిసినను, తెలియకయే పోవుచున్నను, మలద్వారము చుట్టును తొడల లోపలివైపునను స్పర్శ తప్పినను, కాళ్ళలో సత్తువ నానాటికి సడలుచున్నను, తెల్లవారనిమ్మని ఆగక ఆ రాత్రియే పెద్దాసుపత్రికి చేర్చవలెను. ఆలస్యమైనచో పోయిన శక్తి మరల రాకపోవచ్చును.