పాఠశాల తనిఖీ: చూసేది ఎవరు, సరిదిద్దేది ఎవరు?

రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో 2025 జులై 25న ప్రభుత్వ పాఠశాల భవనం కూలి ఏడుగురు విద్యార్థులు మరణించారు. ఆ వెంటనే దేశంలోని పాఠశాల భవనాలన్నింటి భద్రతను పరిశీలించాలని కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ రాష్ట్రాలను, కేంద్రపాలిత ప్రాంతాలను ఆదేశించింది. దుర్ఘటన జరిగిన ప్రతిసారీ వినిపించే ప్రశ్నే అప్పుడూ వినిపించింది. ప్రభుత్వ పాఠశాలను క్రమం తప్పకుండా చూడవలసిన బాధ్యత ఎవరిది? లోపం కనిపించిన తరువాత దానిని సరిచేయవలసింది ఎవరు?

అంచెలంచెల పర్యవేక్షణ

విద్యను 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా ఉమ్మడి జాబితాలో చేర్చినప్పటికీ, ప్రభుత్వ పాఠశాలల నిర్వహణ, తనిఖీ రాష్ట్రాల బాధ్యతగానే కొనసాగుతున్నాయి. కేంద్రం నిధులు సమకూరుస్తుంది, ప్రమాణాలను సూచిస్తుంది, యూడైస్ ప్లస్ విధానం ద్వారా ఏటా గణాంకాలు సేకరిస్తుంది. కేంద్రీయ విద్యాలయాలను, నవోదయ విద్యాలయాలను మాత్రం వాటి సొంత సంస్థల ప్రాంతీయ కార్యాలయాలు పర్యవేక్షిస్తాయి.

తెలుగు రాష్ట్రాలలో తనిఖీ వ్యవస్థ మండలం నుంచి మొదలవుతుంది. సాధారణంగా ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలలను మండల విద్యాధికారి, ఉన్నత పాఠశాలలను ఉప విద్యాధికారి తనిఖీ చేస్తారు. వీరిపై జిల్లా విద్యాధికారి, ఆపైన రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ ఉంటాయి. జిల్లా కలెక్టర్‌కు ఏ పాఠశాలనైనా ఆకస్మికంగా సందర్శించే అధికారం ఉంది. క్లస్టర్ స్థాయిలో పనిచేసే రిసోర్స్ పర్సన్లు కూడా పాఠశాలలకు వెళ్తారు గాని, వారి పని ఉపాధ్యాయులకు తోడ్పడటం, సమాచారం సేకరించడం. చర్య తీసుకునే అధికారం వారికి లేదు.

తనిఖీలో చూసేవి

తనిఖీ ప్రధానంగా రెండు విధాలు. ముందుగా తెలియజేసి జరిపే వార్షిక తనిఖీలో రికార్డులు, బోధన, వసతులు అన్నింటినీ సమగ్రంగా పరిశీలిస్తారు. ఆకస్మిక తనిఖీలో ఉపాధ్యాయుల హాజరు, విద్యార్థుల సంఖ్య, మధ్యాహ్న భోజనం వంటి అంశాలకు ప్రాధాన్యం ఉంటుంది. అధికారి తరగతి గదిలో కూర్చుని పాఠం వినడం, పిల్లల చేత చదివించడం, లెక్కలు చేయించడం, నోటు పుస్తకాలను దిద్దారో లేదో చూడడం తనిఖీలో భాగమే.

వీటికి కొలమానం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం. ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 220 రోజులు పాఠశాల నడవాలి. బాలురకు, బాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ప్రహరీ, ఆటస్థలం ఉండాలి. అన్ని కాలాలకూ అనువైన భవనం కూడా ఈ ప్రమాణాలలో ఒకటి.

ఇన్‌స్పెక్టర్ల కాలం నుంచి

ఈ వ్యవస్థకు మూలం 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్. ఆ పత్రం సిఫారసు మేరకే ప్రెసిడెన్సీలలో విద్యాశాఖలు, పాఠశాలల ఇన్‌స్పెక్టర్లు ఏర్పడ్డారు. ప్రభుత్వ ధనం పొందే బడి సక్రమంగా నడుస్తున్నదా అని చూడడం వారి పని. ఇన్‌స్పెక్టరు వస్తున్నారంటే గోడలకు సున్నం వేయించి, పిల్లలకు జవాబులు వల్లె వేయించిన రోజులు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. అయితే తనిఖీ కేవలం భయపెట్టేది కానక్కరలేదని కూడా చరిత్ర చెబుతుంది. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో ఉత్తర కోస్తాలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన జె.ఎ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగుకు, పుస్తకాలలోని తెలుగుకు మధ్య ఇంత దూరం ఎందుకని ప్రశ్నించారు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు సాగించిన వాడుక భాషోద్యమానికి ఆ ప్రశ్న ఊతమిచ్చింది.

లోపం ఎక్కడ?

విద్యాధికారి గోడలో పగులును చూడగలరు, నివేదికలో రాయగలరు. ఆ భవనం నిలుస్తుందా, కూల్చవలసిందా అని తేల్చవలసింది ఇంజినీరు. మరమ్మతుకు నిధులు మంజూరు చేయవలసింది మరో కార్యాలయం. 2004లో కుంభకోణం పాఠశాల అగ్నిప్రమాదంలో 94 మంది పిల్లలు మరణించిన నేపథ్యంలో, సురక్షితమైన పాఠశాలలో చదువుకోవడం పిల్లల ప్రాథమిక హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2009లో స్పష్టం చేసింది. అయినా చూసేవారు ఒకరు, ధ్రువీకరించేవారు మరొకరు, ఖర్చు పెట్టేవారు ఇంకొకరు కావడంతో నివేదిక దస్త్రంలోనే నిలిచిపోయే ప్రమాదం ఉంది.

సిబ్బంది కొరత మరో సమస్య. సర్వీసు నిబంధనల వివాదం కారణంగా తెలుగు రాష్ట్రాలలో మండల విద్యాధికారి పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి నిలిచిపోయి, ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులే అదనపు బాధ్యతలు నిర్వహించవలసి వచ్చింది. తన పాఠశాలను నడుపుతూనే మండలంలోని బడులన్నింటినీ చూడడం ఒక్క వ్యక్తికి ఎంతవరకు సాధ్యం? ఆంధ్రప్రదేశ్ తరువాత మండలానికి రెండో విద్యాధికారి పదవిని సృష్టించింది. ఉభయ రాష్ట్రాలూ ముఖ గుర్తింపు హాజరును ప్రవేశపెట్టాయి. ఉపాధ్యాయుడు బడికి వచ్చాడో లేదో యంత్రం చెప్పగలదు. పాఠం పిల్లవాడికి అర్థమైందో లేదో తెలుసుకోవాలంటే మాత్రం అధికారి తరగతి గదిలో కూర్చోక తప్పదు.

పాఠశాలలను నడిపే శాఖే వాటిని తనిఖీ చేసి, తానే తీర్పు చెప్పడాన్ని 2020 జాతీయ విద్యావిధానం లోపంగా గుర్తించింది. ప్రమాణాల పర్యవేక్షణకు ప్రతి రాష్ట్రంలో స్వతంత్ర ప్రాధికార సంస్థ ఉండాలని సూచించింది. ఆంధ్రప్రదేశ్ 2019లోనే చట్టం చేసి పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌ను ఏర్పాటు చేసింది.

తల్లిదండ్రులకూ అధికారం ఉంది

బడికి అతి దగ్గరలో ఉన్న పర్యవేక్షకులు తల్లిదండ్రులే. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో మూడు వంతుల మంది సభ్యులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు కావాలి, మొత్తం సభ్యులలో సగం మంది మహిళలు ఉండాలి. పాఠశాల పనితీరును పరిశీలించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, ప్రభుత్వ నిధుల వినియోగాన్ని గమనించడం కమిటీ విధులు. బిహార్‌లోని సారణ్ జిల్లాలో 2013లో కలుషితమైన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించిన విషాదం తరువాత, వడ్డనకు ముందు పెద్దలు రుచి చూడాలన్న నియమం మరింత ప్రాధాన్యం సంతరించుకుంది. 2015 నాటి మధ్యాహ్న భోజన నిబంధనలు ఆ పథకం పర్యవేక్షణను కూడా ఈ కమిటీకే అప్పగించాయి.

పిల్లల హక్కులకు భంగం కలిగితే స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఇరుపక్షాల వాదన విని మూడు నెలల్లో నిర్ణయం తెలపాలని చట్టంలోని 32వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. ఆ నిర్ణయం తృప్తికరంగా లేకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. తనిఖీ నివేదిక ప్రతిని సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు.

కమిటీ సమావేశంలో తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడగవచ్చు. చివరిసారి తనిఖీ ఎప్పుడు జరిగింది? ఏ లోపాలు నమోదయ్యాయి? వాటిలో ఎన్ని సరిచేశారు? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే, మొదటి రెండింటినీ రాతపూర్వకంగా తీసుకుని మండల విద్యాధికారికి అందజేయడం తరువాతి మెట్టు.